ఆదర్శ మూత్రపిండం

మా కార్యాలయంలో ఉద్యోగులు కుర్చీల్లోంచి లేస్తున్నారన్న సంగతి పైవారి దృష్టికి ఆ సంవత్సరమే వచ్చింది. అంతకుముందు లేవలేదని కాదు. ఎవరూ లెక్కపెట్టలేదు.

మాది ప్రాంతీయ మట్టి నమూనాల కార్యాలయం. రైతులు పొలాల్లోంచి గుడ్డసంచుల్లో మట్టి పంపుతారు. అందులో తేమ ఎంత, ఉప్పు ఎంత అని చూసి మేం చీటీ పంపుతాం. చీటీ చేరేసరికి పంట కోతకు వచ్చి ఉంటుంది. ఈ ఆలస్యానికి కారణం తేల్చమని రాజధానిలో ఒక సంఘం వేశారు. ఆ సంఘం మా జిల్లాలో అడుగు పెట్టకుండానే కారణం కనిపెట్టింది. ఉద్యోగులు మూత్రానికి వెళ్తున్నారు.

దాంతో 'ఆసన నిష్ఠ' పథకం వచ్చింది. ఉద్యోగి కుర్చీలోంచి లేచి మూత్రశాలకు వెళ్ళడాన్ని అందులో 'లఘు విరామం' అన్నారు. మూత్రశాల గుమ్మం పక్కన ఒక యంత్రం బిగించారు. లోపలికి పోయేముందు బొటనవేలు పెట్టాలి. పెట్టగానే అది ఆడగొంతుతో "ధన్యవాదాలు" అంటుంది. ఎవరెన్నిసార్లు ధన్యవాదాలు అందుకున్నారో వారం వారం రాజధానికి పంపాలి.

పక్కనున్న మరుగుదొడ్డికి మాత్రం యంత్రం పెట్టలేదు. దాన్ని 'దీర్ఘ విరామం' అంటారు. దాన్ని లెక్కపెడితే జీవించే హక్కుకు భంగం అవుతుందేమోనని న్యాయ విభాగం వారు సందేహించారట. ఆడవాళ్ళ వైపు రెండూ ఒకే గది కాబట్టి, వాళ్ళ లెక్క ఎలా కట్టాలో తేల్చడానికి ఇంకో సంఘం వేశారు. అది ఇంకా తేలుస్తోంది.

పథకానికి బాధ్యుడిగా నన్ను వేశారు. మా వంశంలో డిగ్రీ చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. మా నాన్న నాపరాళ్ళ గనిలో బండలు కొట్టేవాడు. అచ్చయిన కాగితం అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. నాకు ఆయన ఇచ్చిన ఆస్తి అదే. కాబట్టి ఉత్తర్వును రెండుసార్లు చదివి, ఇంటికి తీసుకెళ్ళి మూడోసారి చదివి, మర్నాటి నుంచి పొద్దున కాఫీ మానేశాను.

తొలి ఫలితాలు వచ్చిన సోమవారం మా ఉపసంచాలకులు వాగీశ్వరరావుగారు అందర్నీ హాల్లోకి పిలిచారు. ఆయన మామూలుగా మాట్లాడరు. మంచినీళ్ళు కావాలన్నా ముందు విషయం, తర్వాత సూచిక, ఆ తర్వాత అభ్యర్థన ఉంటాయి.

"మిత్రులారా! ఇందుమూలంగా ఎల్లరకూ తెలియజేయునది ఏమనగా, రాష్ట్రంలోని సమస్త ప్రాంతీయ కార్యాలయాలలోకెల్లా అత్యల్ప లఘు విరామాలు నమోదు చేసిన ఉద్యోగి మన కార్యాలయంలోనే ఉన్నారు. సదరు ఉద్యోగి దినమునకు ఒక్కమారు మాత్రమే లేచుచున్నారు. కొన్ని దినములందు ఆ ఒక్కమారు కూడా లేదు. వారే సీనియర్ అసిస్టెంట్ శ్రీ ఓబులేసుగారు. ప్రధాన కార్యాలయం వారు వీరికి 'ఆదర్శ మూత్రపిండం' బిరుదు ప్రకటించియున్నారు!"

అందరం చప్పట్లు కొట్టాం. ఓబులేసన్న కొట్టలేదు. ఉరిశిక్ష విన్నవాడిలా నిలబడిపోయాడు.

సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చాడు. బక్కపలచటి మనిషి, నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. చొక్కా ఎప్పుడూ ప్యాంటు బయటికే వేసుకుంటాడు. ఎందుకో మాకు తెలుసు గాని ఎవరం అడిగేవాళ్ళం కాదు.

"ఏమప్పా తిప్పేస్వామీ, నువ్వు చదువుకున్నోనివి. ఆ బిరుదు నాకొద్దని రాసియ్యల్ల నువ్వు."

"రాష్ట్రంలో మొదటి స్థానం అన్నా. ఎవరైనా వద్దంటారా?"

"మొదటి స్థానం కాదు నాయనా, అది నా రోగం." చొక్కా మీదనే కడుపుకు కుడిపక్కన చెయ్యి పెట్టుకున్నాడు. "రెండేండ్ల కిందట నాకు పెద్దపేగు తీసేసినారు. అంతా పుండైపోయిండె. సన్నపేగు కొస బయటికి తెచ్చి ఈడ సంచి కట్టినారు. నీకు నాకు తేడా ఏందంటే, నువ్వు తాగిన నీళ్ళను నీ పెద్దపేగు వెనక్కి లాక్కుంటాది. నాకు లాక్కునేదే లేదు. నీళ్ళూ ఉప్పూ సంచిలేకి పోతాయి. కిడ్నీలకు మిగిలేది ఇంతే." చిటికెనవేలి కొస చూపించాడు. "ఆ మిగిలిందాంట్లో రాళ్ళు కడతాయి. పోయినేడు ఒకటి అడ్డం పడినాది. ఎడమ కిడ్నీ సగం పోయింది. సరిగ్గా పని చేసేది ఈ పక్కదొక్కటే. దీంట్లో గూడా ఇసుక ఉండాదని డాక్టరమ్మ చెప్పింది. దినమంతా తాగుతానే ఉండల్లంట. ఉత్తనీళ్ళు కాదు, ఉప్పూ చక్కెరా కలిపినవి. తాగకుంటే ఇదీ పోతాది."

"మరి సంచి ఖాళీ చేయడానికి చాలాసార్లు లేస్తావు గదా?"

"లేస్తా. ఐదారు మార్లు. అది మరుగుదొడ్డిలో గదా? ఆడ మిషన్ లేదు."

నేను ఉత్తర్వు తీసి చూశాను. నిజమే. ఆయన అందరికంటే ఎక్కువసార్లు లేస్తున్నాడు. అయితే జీవించే హక్కు కింద లేస్తున్నాడు.

"సెలవు పెట్టరాదా అన్నా, ఇదంతా సద్దుమణిగేదాకా?"

"సెలవులన్నీ ఆపరేషన్‌కే అయిపాయె. గట్టిగా మాట్లాడితే పనికిరాడని మెడికల్ బోర్డుకు తోస్తారు. నా బాటిల్ నన్ను తాగనిస్తే చాలప్పా. ఇంకేం అడగను."

ఆ రాత్రే చక్కటి నివేదిక రాశాను. పెద్దపేగు చేసే పని, అది లేనప్పుడు మూత్రం తగ్గి చిక్కబడడం, రాళ్ళు కట్టే ప్రమాదం, అన్నీ పేరాలుగా విడగొట్టి, డాక్టరమ్మ చీటీ జతపరిచి, మర్నాడు వాగీశ్వరరావుగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చివరిదాకా చదివారు. చదువుతున్నకొద్దీ ముఖం వెలిగింది.

"తిప్పేస్వామీ! నీవు గొప్ప విషయమును వెలికితీసితివి. అనగా ఈ అద్భుత ఫలితమునకు కారణం మూత్రపిండములకు చేరు నీటి పరిమాణం తగ్గుటయే కదా?"

"అవునండీ. అదే ప్రమాదం అని..."

"ప్రమాదములు వైద్యశాఖ పరిధిలోనివి. మన పరిధిలోనిది ఫలితం. శస్త్రచికిత్స ద్వారా ఇతరులు ఈ స్థాయిని అందుకొనుట ఆచరణసాధ్యం కాదు, బడ్జెట్టు లేదు. కానీ నీటి పరిమాణం తగ్గించుటకు బడ్జెట్టుతో పనేమి?"

మధ్యాహ్నానికి కొత్త ఉత్తర్వు నా చేతే టైపు చేయించారు. 'ఓబులేసు ప్రమాణం' అని దానికి పేరు. దాని ప్రకారం వరండాలోని నీళ్ళ క్యాన్లు తీసేశారు. టీ కొట్టతను గేటు బయటికి జరిగాడు. ఆదర్శ ఉద్యోగి మంచినీటితో కనబడినచో ఇతరులకు తప్పుడు సంకేతం వెళ్ళును గావున, ఓబులేసన్న బాటిల్‌ను స్వాధీనం చేసుకుని ఉపసంచాలకుల గదిలో అద్దాల బీరువాలో పెట్టారు. కింద చిన్న చీటీ అంటించారు: 'ఆదర్శ మూత్రపిండం వారు వినియోగించని సీసా.'

మా టైపిస్టు షమీమ్ ఆ బీరువా ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"అరె తిప్పేస్వామీ, బుర్ర ఉందా లేదా మీకు? దాహానికి కూడా పర్మిషనా?"

"ఉత్తర్వులో దాహం గురించి లేదక్కా. నీళ్ళ గురించే ఉంది."

"నిన్ను చదివించినోళ్ళను అనల్ల!" అని తన సంచిలోంచి ఒక బాటిల్ తీసి, పాత ఫైళ్ళ వెనక పెట్టి, గట్టిగా అంది. "ఓబులేసన్నా, ఆ పాత ఫైలు ఒకసారి చూస్తావా, ఆ మూలకు పోయి?"

ఓబులేసన్న రోజంతా ఆ పాత ఫైలు చూడడం మొదలుపెట్టాడు. కొద్దిరోజులకే వాగీశ్వరరావుగారికి అనుమానం వచ్చి, ఆదర్శ ఉద్యోగి స్థానాన్ని తన గది తలుపుకు ఎదురుగా మార్పించారు. ఇక పొద్దున ఇంటి దగ్గర తాగినదే, మళ్ళీ సాయంత్రం ఇంటికి పోయి తాగినదే. మధ్యలో ఎండాకాలం.

మిగతావాళ్ళమూ ప్రమాణం అందుకోవడానికి ప్రయత్నించాం. నేను మధ్యాహ్నం అన్నంలో చారు మానేశాను. డెస్పాచి గుమాస్తా నడుం పట్టుకుని ఆసుపత్రిలో చేరాడు. అకౌంట్స్ విభాగంలో ఇద్దరు కళ్ళు తిరిగి పడ్డారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళు మా యంత్రం మీద వేలు పెట్టరు కాబట్టి మా కార్యాలయం లెక్క ఇంకా మెరుగుపడింది. రాజధాని నుంచి అభినందన వచ్చింది. సంపూర్ణ ఫలితం సాధించాలంటే ఇంకెందరు ఆసుపత్రిలో చేరాలో అంచనా వేయమని వాగీశ్వరరావుగారు నన్ను అడిగారు. వేసిచ్చాను.

ఈలోగా ఓబులేసన్న డాక్టరమ్మ దగ్గరికి పోయివచ్చాడు. స్కానింగు కాగితం నా బల్ల మీద పెట్టాడు గాని, నేను చదివేలోపే తనే చెప్పేశాడు.

"ఇసుక చేరి చేరి రాయి ఐతాండాదంట, ఉన్న ఒక్క మంచి కిడ్నీలో. నెల చూస్తాం, ఇట్లే ఉంటే కష్టం అనింది. ఏమి చేస్తాండావయ్యా ఆఫీసులో, ఎడారిలో ఒంటెలు మేపుతాండావా అని తిట్టింది."

"ఏం చెప్పావు?"

"మట్టిలో తేమ చూస్తాంటామమ్మా అంటిని."

బిరుదు ప్రదానం మే నెలలో పెట్టారు. ప్రధాన సంచాలకులు స్వయంగా వస్తున్నారు. కార్యాలయం ముందర షామియానా వేశారు. వేదిక మధ్యలో ముఖ్య అతిథి కుర్చీ. దాని వీపు మీద తెల్లటి టర్కీ టవలు. ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసినవారికి ఆ టవలు గురించి చెప్పక్కర్లేదు. కుర్చీ మీద టవలు ఉంటే అది అధికారి కుర్చీ. టవలు లేకపోతే అది ఉత్త కుర్చీ. ఓబులేసన్నకు వేదిక చివర ఉత్త కుర్చీ వేశారు. షామియానా నీడ దానికి ఒక మూర దూరంలో ఆగిపోయింది.

వాగీశ్వరరావుగారు నన్ను పిలిచారు.

"నీ విధి ఏమనగా, ఆదర్శ ఉద్యోగి కార్యక్రమం ముగియువరకు కుర్చీ నుండి లేవకుండా చూచుట. నీరు పుచ్చుకొనుట కూడా నిషిద్ధం. ప్రధాన సంచాలకుల వారు నమూనాను యథాతథంగా వీక్షించవలెను."

"అలాగేనండీ."

పదింటికి రావలసిన ముఖ్య అతిథి పదకొండైనా రాలేదు. పన్నెండుకు దారిలో ఉన్నారన్నారు. వాగీశ్వరరావుగారు దండ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడ్డారు. ఓబులేసన్న మొహం మీద చెమట కూడా ఆగిపోయింది. పెదవులు తెల్లగా పగిలాయి. దగ్గరికి వెళ్ళాను.

"పిక్కలు పట్టుకపోతాండాయి తిప్పేస్వామీ," అన్నాడు మెల్లగా. "సంచి చూస్తే నీళ్ళ మాదిరి నిండతాండాది. పొద్దున్నించి మూత్రమే రాలేదు. నడుం పక్కన సురుకు సురుకుమంటాది."

నేను గేటు దగ్గరికి పరిగెత్తాను. "అయ్యా, ఆయనకు నీళ్ళు ఇవ్వకపోతే..."

"ముఖ్య అతిథి విచ్చేయువరకు నమూనా చెదరరాదు," అన్నారు వాగీశ్వరరావుగారు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

తిరిగి వచ్చేటప్పుడు నాకు అప్పగించిన విధిని మనసులో మళ్ళీ చదువుకున్నాను. ఉత్తర్వును అక్షరాలా పాటించాలి, అది నా పద్ధతి. నమూనా కుర్చీలోంచి లేవకుండా చూడాలి. ఏ కుర్చీ అన్నది చెప్పలేదు. నీళ్ళు పుచ్చుకోకూడదు. మజ్జిగ సంగతి చెప్పలేదు.

నేనూ షమీమూ కలిసి ఓబులేసన్నను ఆయన కుర్చీతో సహా ఎత్తి వేదిక మధ్యకు తెచ్చాం. ముఖ్య అతిథి కుర్చీని పక్కకు జరిపాం. టవలు తీసి ఓబులేసన్న కుర్చీ వీపుకు కప్పాం. ఆయన లేవలేదు. విధికి ఎక్కడా భంగం కలగలేదు.

మా అటెండరు వన్నూరప్ప ముప్ఫై ఏళ్ళుగా వేదికల మీద మర్యాదలు చూస్తున్నాడు. కుర్చీలో మొహం ఎవరిదన్నది ఆయన ఏనాడూ చూసినవాడు కాదు. టవలు ముందు ఒళ్ళు కనబడగానే పళ్ళెంతో వచ్చాడు. మొదట ఉప్పు వేసిన నిమ్మకాయ షర్బతు. వంగి ఇచ్చాడు. తర్వాత మజ్జిగ. గ్లాసు ఖాళీ అయ్యేకొద్దీ ఇంకొకటి. పక్కన ఇంకో మనిషి విసనకర్ర పట్టుకున్నాడు.

"వన్నూరప్పా," అన్నాడు ఓబులేసన్న, మూడో గ్లాసు తర్వాత ఊపిరి తీసుకుంటూ, "నేనప్పా, ఓబులేసును."

"కానీండి సార్," అన్నాడు వన్నూరప్ప, చూపు ఎత్తకుండా. "ఇంకొంచెం ఉప్పు వెయ్యమంటారా?"

"ఏస్తే మంచిదే."

అంతలో వాగీశ్వరరావుగారికి ఫోను వచ్చింది. ప్రధాన సంచాలకులు రావడం లేదు. కార్యక్రమాన్ని ఆపకుండా ముగించమని ఆదేశం. ఆయన దండతో వేగంగా వేదిక ఎక్కారు. ఎదురుగా టవలు కప్పిన కుర్చీ, కుర్చీలో మనిషి, చేతిలో మజ్జిగ. ఇరవయ్యేడేళ్ళ ఉద్యోగం ఆ శరీరంలో ఉంది. ఆయన ఆలోచించేలోపే నడుం వంగింది, చేతులు దండ వేశాయి, నోరు "తమరి రాక మా భాగ్యం" అంది. ఫోటో తీసేవాడు ఫోటో తీశాడు. జనం చప్పట్లు కొట్టారు.

నడుం నిటారైన తర్వాత ఆయనకు మనిషి కనబడ్డాడు.

"ఓబులేసూ! నీవా?"

"నేనే సార్. లేవమంటారా?"

లేవమంటే దండ వేసింది తప్పవుతుంది. కూర్చోమంటే సీనియర్ అసిస్టెంటే ముఖ్య అతిథి అవుతాడు. ఆయన మైకు పట్టుకుని, ముఖ్య అతిథి చేతుల మీదుగా ఆదర్శ మూత్రపిండం బిరుదు ప్రదానం జరుగునని ప్రకటించారు. ఓబులేసన్న జ్ఞాపికను కుడిచేత్తో తనకు తానే ఇచ్చుకుని, ఎడమచేత్తో పుచ్చుకున్నాడు.

కార్యక్రమం ముగిసిన కాసేపటికి ఆయన లేచి మూత్రశాల వైపు నడిచాడు. మెడలో దండ అలాగే ఉంది. గుమ్మం దగ్గర "ధన్యవాదాలు" వినబడింది. చాలాసేపటికి బయటికి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. ఆయన నవ్వగా ఆ నెలలో చూడడం అదే మొదలు.

"తేటగా ఉండాదప్పా," అన్నాడు. "ఎన్నాళ్ళయిందో ఆ రంగు చూసి."

సాయంత్రంలోపల ఇంకో రెండుసార్లు ధన్యవాదాలు వినబడ్డాయి. మర్నాడే వాగీశ్వరరావుగారు ఆయనకు సంజాయిషీ పత్రం తయారు చేయించారు. బిరుదు అందుకున్న నాడే లఘు విరామాలు మూడింతలయినందుకు ఏల చర్య తీసుకోరాదో తెలుపవలెనని. టైపు చేసింది నేనే. అది సంతకానికి వెళ్ళేలోపు రాజధాని నుంచి మా శాఖ పత్రిక వచ్చింది. దాని అట్ట మీద, ఉపసంచాలకులు వంగి నిలబడి ముఖ్య అతిథిని సత్కరిస్తున్న ఫోటో. కింద 'విజయవంతమైన కార్యక్రమం' అని ప్రధాన సంచాలకుల సంతకం.

ఇప్పుడేం చేయాలని వాగీశ్వరరావుగారు న్యాయ విభాగం వారిని అడిగారు. వాళ్ళు పాత ఉత్తర్వులన్నీ తిరగేసి జవాబిచ్చారు. టవలు కప్పిన కుర్చీలో కూర్చున్న వ్యక్తి ఉద్యోగి కాడు, అతిథి. అతిథుల విరామాలను లెక్కించరాదు. ఒకసారి ప్రధాన సంచాలకుల ఆమోదం పొందిన అతిథి హోదాను రద్దు చేయు అధికారం ఏ స్థాయిలోనూ లేదు. మర్యాదలు యథావిధిగా కొనసాగించవలెను.

అప్పట్నుంచి ఓబులేసన్న టవలు కుర్చీలో కూర్చునే మట్టి చీటీలు రాస్తున్నాడు. వన్నూరప్ప గంట గంటకూ పళ్ళెం తెస్తాడు. ఉప్పు, చక్కెర, నీళ్ళు, డాక్టరమ్మ చెప్పిన పాళ్ళలో. బీరువాలోని బాటిల్ మాత్రం బీరువాలోనే ఉంది. ప్రదర్శన వస్తువును కదిలించకూడదు.

"మరి మా సంగతేంది?" అని షమీమ్ అడిగింది. జవాబు కోసం కాచుకోలేదు. మర్నాడు ఇంటినుంచి టవలు తెచ్చి కుర్చీకి కప్పింది, గులాబీ రంగుది, మీద రెండు చిలకలు. ఆ మర్నాడు అకౌంట్స్ విభాగం టవళ్ళతో వచ్చింది. డెస్పాచి గుమాస్తా ఆసుపత్రి నుంచే ఒకటి తెచ్చుకున్నాడు. వన్నూరప్ప మర్యాదలకు పళ్ళేలు చాలక, నీళ్ళ క్యాన్లు మళ్ళీ వరండాలోకి వచ్చాయి. అతిథుల కోసం. నాది మాత్రం ఇంకా ఉత్త కుర్చీయే, నాకు ఉత్తర్వు అందలేదు. షమీమక్క నేను లేనప్పుడు పాత చేతిరుమాలొకటి దాని మీద వేసిపోయింది. తీసేయమని కూడా ఉత్తర్వు లేదు కాబట్టి ఉంచాను.

వాగీశ్వరరావుగారు పొద్దున హాల్లోకి వచ్చేసరికి ప్రతి కుర్చీకీ టవలే కనబడింది. ఎవరికి వంగాలో తెలియక గుమ్మంలోంచే అందరికీ కలిపి ఒక దండం పెట్టి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. పథకం రద్దు కాలేదు. యంత్రం బాగానే పనిచేస్తోంది. లెక్కించడానికి ఉద్యోగులే లేరు.

వర్షాకాలం మొదట్లో ఓబులేసన్నతో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ స్కానింగు ఫిల్మును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. పాత ఫిల్మును పక్కన పెట్టి మళ్ళీ చూసింది.

"రాయి కట్టలేదయ్యా. ఉన్న ఇసుక కూడా చాలావరకు కొట్టుకుపోయింది. కిడ్నీ చక్కగా ఉంది. నేనిచ్చిన మందు కాకుండా ఇంకేదైనా వాడినావా? నిజం చెప్పు."

ఓబులేసన్న నా మొహం చూశాడు. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగి, చాలా వినయంగా చెప్పాడు.

"మందు మారలేదమ్మా. నా కుర్చీకి టవలు కప్పినారు."